తొంభై డిగ్రీల గది

గుమ్మం ముందు చెప్పుల కంటే వాకర్లే ఎక్కువ ఉన్నాయి. ఒకదానికి ఎర్ర దారం కట్టారు, ఒకదాని పిడికి పాత చున్నీ చుట్టారు, ఇంకోదానికి పసుపు రాసిన గుడ్డపేలిక. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఒకరిది ఒకరు పట్టుకుపోకుండా ఈ గుర్తులు. హైదరాబాద్ వెంగళరావు నగర్‌లో ఒక సందులో, పాత ఇంటి కింది వాటాలో నడుస్తున్న ఫిజియోథెరపీ గది ఇది. మూడు బల్లలు, గోడకు బిగించిన ఇనుప కడ్డీ, మూలగా మూడు చెక్క మెట్లు, ఐసు ముక్కలకు చిన్న ఫ్రిజ్. ఉదయం ఎనిమిదిన్నరకే బల్లలు నిండిపోయాయి.

నేను ఇక్కడికి రావడానికి కారణం మా అమ్మ. నాలుగేళ్ల కింద ఆవిడకు కుడి మోకీలు మార్చారు. ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగో రోజు ఇంటికి పంపుతూ చేతిలో ఒక కాగితం పెట్టారు. దాంట్లో ఆరు బొమ్మలు, వాటి కింద ఇంగ్లీషు. ఇంటికి వచ్చే ఫిజియో రెండుసార్లు వచ్చి మానేశాడు. అమ్మ నొప్పి అన్నప్పుడల్లా మేమూ ‘వద్దులే అమ్మా, పడుకో’ అన్నాం. ప్రేమకొద్దీ మోకాలి కింద మెత్తటి దిండు పెట్టాం. ఆరు వారాలు గడిచేసరికి ఆ కాలు డెబ్బై డిగ్రీల దగ్గర బిగుసుకుపోయింది. మళ్లీ మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వచ్చింది. మోకాలి కింద దిండు పెట్టకూడదని, పెడితే మడమ కింద పెట్టాలని నాకు తెలిసింది ఆ తర్వాతే. ఆ ఆరు వారాల్లో అసలు ఏం జరగాలో చూద్దామని వచ్చాను.

1973 నుంచి 1978 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు పేరు మీద వెలిసిన పేట ఇది. ఒక పక్క ఎర్రగడ్డ, ఎస్.ఆర్. నగర్, ఇంకో పక్క యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. అమీర్‌పేట దారిలో సారథి స్టూడియో. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ కాస్త ఎగువన. పోస్టర్ల మీద ఉండేవాళ్లు ఆ ఎగువన ఉంటారు. పోస్టర్లలో కనపడని సినిమా వాళ్లు, అంటే లైట్‌మెన్, గ్రూప్ డాన్సర్లు, కాస్ట్యూమ్స్ వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు ఈ చుట్టుపక్కల అద్దె ఇళ్లలో ఉంటారు. వాళ్ల మోకాళ్లు, తుంటి కీళ్లు చివరికి ఇలాంటి గదులకే చేరతాయి.

మొదటి బల్ల మీద ఒక పెద్దమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. ఎర్రగడ్డ రైతుబజారు బయట ముప్పై ఏళ్లు కూరగాయలు అమ్మింది. చీర మోకాలి పైకి మడిచారు. నడిమధ్యన జానెడు పొడుగు మచ్చ, పిన్నులు తీసిన చోట రెండు వరుసల చుక్కలు. ఇరవై రెండో రోజట. చర్మం ఇంకా వేడిగా, నున్నగా మెరుస్తోంది. ఫిజియో ముప్పై దాటని అమ్మాయి. ప్లాస్టిక్ కోణమానిని తీసుకుని మధ్య మేకు మోకాలి పక్క ఎముక మీద ఆనించింది. ఒక పట్టీ తుంటి వైపు, ఇంకోటి చీలమండ వైపు.

“మడమ లోపలికి లాగు పెద్దమ్మా. ఇంకా. ఇంకొంచెం.”

పెద్దమ్మ మడమ దుప్పటి మీద అంగుళం అంగుళంగా జరిగింది. పళ్ల మధ్య కొంగు కరిచి పట్టుకుంది. కంటి కొస నుంచి నీళ్లు చెవిలోకి జారాయి.

“ఎంతొచ్చింది బిడ్డా?”

“ఎనభై ఎనిమిది.”

“నిన్న ఎనభై నాలుగుండె.” కొంగు వదిలి నవ్వింది. “రేపు తొంబై చేస్త.”

మామూలుగా నడవడానికి మోకాలు అరవై, అరవై అయిదు డిగ్రీలు వంగితే సరిపోతుంది. మెట్లెక్కాలంటే ఎనభై పైన కావాలి. చెయ్యి ఊతం లేకుండా కుర్చీలోంచి లేవాలంటే తొంభై దాటాలి. అందుకే ఈ గదిలో అందరి నోటా తొంభై అన్న మాటే. నేల మీద సక్లంముక్లం కూర్చోవడానికి, గొంతుక్కూర్చోవడానికి ఇంకా చాలా వంగాలి. అది అందరికీ రాదు, వచ్చినా మానుకోమనే చాలామంది డాక్టర్లు చెబుతారు. పెద్దమ్మకు ఇదే దిగులు. “ముప్పై ఏండ్లు గొంతుక్కూసోనే అమ్మిన. ఇగ కుర్సీ ఏస్కోని అమ్మాలె” అంది.

ఆమెకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద చేశారు. “గుజ్జంత అరిగిపోయిందన్నరు. పైస తీస్కోలే, మంచిగనే చేసిండ్రు. ఇంటికొచ్చినంక ఖర్సే మాది” అంది. ఇక్కడ పూటకు మూడు వందలు. పెద్దమ్మ దగ్గర సగమే తీసుకుంటారు. ఆ సగం కూడా ఆటో నడిపే కొడుకు ఇస్తాడు. పొద్దున తనే దింపి, పదిన్నరకు మళ్లీ వచ్చి తీసుకెళతాడు. ఆ రెండు గంటల కిరాయి పోయినట్టే.

‘చిప్ప మార్చారు’ అంటాం గానీ మార్చేది చిప్ప కాదు. తొడ ఎముక చివర, కాలి ఎముక తల మీద అరిగిన పొరను సుమారు సెంటీమీటరు మందాన కోసి, పైన కోబాల్టు-క్రోమియం తొడుగు, కింద లోహపు పళ్లెం పెట్టి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల అమరుస్తారు. చిప్ప చాలాసార్లు అక్కడే ఉంటుంది. లోహాన్ని ఎముకకు పట్టించే సిమెంటు, కట్టుడు పళ్లకు వాడే యాక్రిలిక్ జాతిదే. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్లీ అనే సర్జన్ తుంటి కీలుకు లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె, ఈ సిమెంటు కలిపి వాడి చూపించిన తర్వాతే కీళ్లు మార్చే ఈ వైద్యం కుదురుకుంది. మన నగరంలోనూ దాదాపు అదే కాలంలో నిజాం ట్రస్టు పంజాగుట్టలో ఎముకల ఆసుపత్రి పెట్టింది. ఇప్పుడు మనం నిమ్స్ అంటున్నది దాన్నే.

సామాను ధర మాత్రం చాలాకాలం మామూలు మనిషికి అందలేదు. 2017 ఆగస్టులో కేంద్రం మోకీలు ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టింది. అంతకుముందు సగటున లక్షా యాభై ఎనిమిది వేలు పలికిన మామూలు కోబాల్టు-క్రోమియం మోకీలు, జీఎస్‌టీ కాకుండా 54,720 రూపాయలకు దిగింది. ఎంతోమందికి ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. నాకు అందులో సంతోషమే. కానీ ఇనుము ధర తగ్గించిన శ్రద్ధ, ఆ ఇనుమును వంచే ఆరు వారాల మీద ఎవరూ పెట్టలేదు.

రెండో బల్ల దగ్గర నిలబడి ఉన్నాయన్ను అందరూ మాస్టారూ అంటున్నారు. గుడివాడ వైపు మనిషి. ఇరవై ఏళ్లకే వచ్చి గ్రూప్ డాన్సరయ్యాడు. ఇప్పుడు యాభై ఏడు. 2021లో కోవిడ్‌కు స్టెరాయిడ్లు ఎక్కువ పడ్డాయి. ఏడాది తిరక్కుండా గజ్జల్లో నొప్పి మొదలైంది. తుంటి బంతికి రక్తం అందక ఎముక కుంగిపోయిందన్నారు. స్టెరాయిడ్ల వల్ల అలా జరగడం వైద్యులకు తెలిసిన విషయమే.

“సిమెంటు ఫ్లోర్ మీద, ఎండలో, ఒక్కో బిట్టు ఇరవై సార్లు ఎగిరిన కాళ్లండీ ఇవి. అప్పుడేం కాలేదు. మంచం మీద పడుకుంటే పోయింది” అన్నాడు, కడ్డీ పట్టుకుని కాలు పక్కకు లేపుతూ. తుంటి మార్చినవాళ్ల నియమాలు వేరు. మొదటి వారాల్లో కాలు మీద కాలు వేయకూడదు, తక్కువ ఎత్తు పీట మీద కూర్చోకూడదు, కింద పడ్డ వస్తువు కోసం ముందుకు వంగకూడదు. ఆయన వాటిని డాన్స్ మాస్టర్ చెప్పిన కదలికల్లాగే తప్పకుండా పాటిస్తున్నాడు. గదిలో వ్యాయామం లెక్కపెట్టేది కూడా ఆయనే. “ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్” అని అందుకుంటాడు. మూడు బల్లల మీది కాళ్లూ ఒకేసారి లేస్తాయి, ఎనిమిది దాకా గాలిలో నిలుస్తాయి. కూరగాయల పెద్దమ్మ కాలు ఆరు దగ్గర వణికితే, ఆయన ఏడును కాస్త తొందరగా అనేస్తాడు. నేను చూస్తుండగా మూడుసార్లు అలా చేశాడు.

ఆ చెక్క మెట్ల దగ్గర ఒక రిటైర్డ్ టీచరమ్మ కర్రతో ఎక్కి దిగుతోంది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఆమెది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. రెండు నెలలు కిందికి దిగనే లేదట. ‘కేసీఆర్ గారికి తుంటి మార్చిన మర్నాడే నడిపించారు, మీకేం భయం’ అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెప్పారు. నిజమే. 2023 డిసెంబరులో ఎర్రవల్లిలో జారిపడిన ఆయనకు సోమాజిగూడ యశోద ఆసుపత్రిలో ఎడమ తుంటి మార్చి, మర్నాడే వాకర్‌తో నడిపించారు. ఫిబ్రవరి 1న చేతికర్రతో వచ్చి ఎమ్మెల్యేగా ప్రమాణం చేశారు. “మర్నాడు నడవడం కాదండీ కష్టం” అంది టీచరమ్మ. “పదో రోజు. చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. మాత్రలు తగ్గిస్తారు. రాత్రి రెండింటికి మోకాలు సలుపుతుంది. ఎందుకు చేయించుకున్నానా అని ఏడ్చేశాను. నాకొక్కదానికే ఇలా ఉందేమో అనుకున్నా. ఇక్కడికొచ్చాక తెలిసింది, అందరూ ఏడ్చినవాళ్లేనని.”

మార్చిన మోకీళ్లలో నూటికి ఎనభై రెండు పాతికేళ్లు నిలుస్తాయని 2019లో లాన్సెట్ పత్రిక లెక్క తేల్చింది. అదే సమయంలో నూటికి పది నుంచి ఇరవై మంది ఫలితంతో తృప్తి పడడం లేదని అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. ఆ పదీ ఇరవైలో మా అమ్మ ఉంది. అందరి బాధకూ వంచకపోవడమే కారణం అనను. ఇన్ఫెక్షన్లు ఉంటాయి, కుదరని కొలతలు ఉంటాయి. కానీ మా అమ్మది మాత్రం వంచకపోవడమే.

బయల్దేరేటప్పుడు ఫిజియోను ఒకటే అడిగాను, మీ దగ్గరికి ఎప్పుడు రావాలి అని. “ఆపరేషన్‌కు నెల ముందు రావాలండీ. తొడ కండరం అప్పుడే గట్టిపడితే తర్వాత సగం పని తేలిక. నెల ముందు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు” అంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తేదీ ఖాయమై ఉంటే, ముందుగా దగ్గర్లో ఉన్న ఇలాంటి గదికి వాళ్లను తీసుకెళ్లి ఒక ఉదయం కూర్చోబెట్టండి. డాక్టరును ఇంప్లాంటు కంపెనీ గురించి అడిగేటప్పుడే, ఇంటికొచ్చాక రోజూ ఎవరు వచ్చి వంచుతారు, ఎన్ని వారాలు, దానికెంత అని కూడా అడగండి. పిక్క వాచి నొప్పి పెట్టినా, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారినా, జ్వరం వచ్చినా మర్నాటిదాకా ఆగకండి. ఆరోగ్యశ్రీ నడిపేవాళ్లకు కూడా ఒక మనవి. పెద్దమ్మ కాలికి లోహం వేసినవాళ్లే ఆ ఆరు వారాల ఫిజియో ఖర్చు కూడా భరించాలి. ఇంకో రెండు డిగ్రీల కోసం ఆమె రేపు మళ్లీ ఆటో ఎక్కి వస్తుంది.