మూడున్నర వేల పింఛను, పది లక్షల చెక్కు

వనపర్తి డిపోలో కండక్టర్‌గా పనిచేసి దిగిపోయిన నాకు నెలకు మూడున్నర వేల పైచిలుకు పింఛను వస్తుంది. ఇంత తక్కువా అని పక్కింటి టీచరు సారు మొదట నమ్మలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ డిపోల్లో నాతో పాటు డ్యూటీ చేసిన చాలామంది ముసలితనంలో ఎందుకు చితికిపోయారో ఆ లెక్కలోనే సగం తెలిసిపోతుంది. తాగుడనీ దుబారా అనీ బయటివాళ్లు అంటారు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది టీకి కూడా ఆలోచించి పైసలు తీసినవాళ్లే.

ఆర్టీసీ అంటే సర్కారు కొలువని జనం అనుకుంటారు. 1958 నుంచి అది కార్పొరేషన్. టీచరు సారుకు ఉన్న పింఛను మాకు లేదు. 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకమే మా దిక్కు. పీఎఫ్ కింద యాజమాన్యం కట్టే వాటాలోంచి జీతంలో 8.33 శాతం దానికి పోతుంది. అయితే అది మా అసలు జీతం మీద లెక్కేసింది కాదు, కేంద్రం పెట్టిన పరిమితి మీద. 2014 ఆగస్టు నాటికి ఆ పరిమితి 6,500 రూపాయలు, ఆ తర్వాత 15,000. ఎక్కువ పింఛనుకు ఆప్షన్ ఇచ్చుకోని మనిషికి జీతం నలభై వేలున్నా ఆ ఖాతాలోకి నెలకు 1,250 దాటి పోదు.

నేను 2019 జూలైలో, 58 నిండగానే దిగిపోయాను. జీతం పరిమితిని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించడమే సూత్రం. 2014కు ముందు 19 ఏళ్లకు 6,500 చొప్పున లెక్కిస్తే 1,764 రూపాయలు. ఆ తర్వాతి ఐదేళ్లకు 15,000 చొప్పున 1,071. రెండూ కలిపితే 2,835. ఇరవై ఏళ్లు దాటినందుకు కలిపే రెండేళ్లు, 1995కు ముందు సర్వీసుకు ఇచ్చే కొద్ది మొత్తం తోడైతే మూడున్నర వేలు దాటింది. దీనికి కరువు భత్యం లేదు. సన్నబియ్యం ధర ఎంత పెరిగినా ఈ అంకె కదలదు. కనీస పింఛనుగా 2014 సెప్టెంబరులో పెట్టిన 1,000 రూపాయల మీద బతుకుతున్న ముసలి మెకానిక్కులను తలుచుకుంటే నా పరిస్థితే నయం.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఈ సంగతి తెలియకుండా చేసేవి ఓటీ పైసలు. డబుల్ డ్యూటీ, ఆఫ్ రోజు డ్యూటీ, ఊళ్లలో నైట్ హాల్టు, జాతర స్పెషళ్లు. ఇంటి ఖర్చు వాటికి అలవాటు పడుతుంది. పిల్లల ఫీజులు వాటి మీదే నడుస్తాయి. పింఛను లెక్కలో మాత్రం వాటికి చోటు లేదు. డ్రైవరన్న నడుము, మోకాళ్లు, కళ్లు అరగదీసుకుని తెచ్చిన ఆ పైసలు దిగిపోయిన మర్నెల నుంచి ఆగిపోతాయి. అరిగిన నడుము మాత్రం మిగులుతుంది. తార్నాకలోని ఆర్టీసీ ఆసుపత్రికి గద్వాల నుంచి పోయి రావాలంటే ఒక రోజు పూర్తిగా పోతుంది, తోడు ఒక మనిషి కావాలి. అందుకని చాలామంది మందులు ఊళ్లోనే కొనుక్కుంటారు.

ఇక రెండో సగం. నెలనెలా వచ్చేది ఇంత చిన్నదైనా దిగిపోయేటప్పుడు పీఎఫ్, గ్రాట్యుటీ, లీవు డబ్బులు కలిసి పెద్ద మొత్తం వస్తుంది. బతుకంతా అంత పెద్ద అంకె ఎప్పుడూ చేతికి రాని మనుషులం మేము. ఆ చెక్కు కోసం ఇంట్లో అందరూ ఏళ్ల తరబడి కాచుకుని ఉంటారు. చిన్నబిడ్డ పెళ్లి దానికే ఆపుతారు, ఇంటి స్లాబు దానికే ఆపుతారు, షావుకారు కూడా దాన్ని చూసుకునే అప్పిస్తాడు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే చిన్నగా వినిపిస్తుంది. లక్షకు నెలకు రెండు వేలు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు. మాకు సీసీఎస్ అనే సహకార పరపతి సొసైటీ ఉండేది. జీతంలో కోసిపెట్టిన మా పొదుపులోంచే తక్కువ మిత్తికి అప్పు దొరికేది. ఆ సొమ్మును సంస్థ వాడుకోవడం, బాకీ కోసం సొసైటీ హైకోర్టుకు పోవడం పత్రికల్లో వచ్చిన విషయాలే. సీసీఎస్‌లో అప్పు దొరకని ఏడాది కార్మికుడు షావుకారు గడప తొక్కక తప్పదు. 2019 అక్టోబరు 5న మొదలై యాభై రోజులు దాటిన సమ్మెలో జీతం లేని ఇళ్లు ఎట్లా గడిచాయో మూడు డిపోల చుట్టుపక్కల కిరాణా కొట్లవాళ్లకు తెలుసు.

2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఆ వెంటనే డిపో గేటు దగ్గర ప్లాట్ల కాగితాలు పట్టుకుని మనుషులు నిలబడ్డారు. “అన్నా, కలెక్టరాఫీసు ఇటే వస్తది, పీఎఫ్‌ల లోను తీసి ఇప్పుడే కొనుక్కో” అనేవాళ్లు. పీఎఫ్‌లోంచి తీసి కొన్నవాళ్లు కొన్నారు. భూమి మంచిదే, నేను కాదనను. కానీ ప్లాటు నెలనెలా అన్నం పెట్టదు. అవసరం పడిన వారంలో అమ్ముడుపోదు. నా దగ్గర నెల ఖర్చుకు మరో దారి లేదు కాబట్టి నేను కొనలేదు. అప్పటికి పెద్దబిడ్డ పెళ్లికి తీసిన సీసీఎస్ లోను జీతంలోంచే తీరుతూ ఉంది. దిగిపోయే నాటికి షావుకారు పద్దు ఒక్కటీ ఉండకూడదని ఆ చివరి ఏళ్లలో ఓటీ పైసలన్నీ అప్పులకే కట్టాను. పీఎఫ్ ముట్టలేదు.

చెక్కు రాకముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి లెక్క చెప్పాను. పది లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేస్తాను, దాని అసలు ఎవరూ అడగొద్దు అన్నాను. 60 నిండకపోయినా రిటైరైన పైసలతో 55 దాటినవాళ్లకు అందులో చేరే వీలుంది. గడువు మాత్రం ఉంటుంది. డబ్బులు చేతికొచ్చిన నెల లోపల వేయాలి, ఇప్పుడు మూడు నెలలకు పెంచారు. అప్పుడు మిత్తి 8.6 శాతం. మూడు నెలలకోసారి 21,500. ఐదేళ్లు నిండాక 2024లో మళ్లీ పొడిగించాను, 8.2 శాతానికి 20,500 వస్తోంది. అంటే నెలకు 6,800 పైన, నా పింఛనుకు దాదాపు రెండింతలు. ధరలతో పాటు ఇదీ పెరగదు, నాకు తెలుసు. కానీ మూడు నెలలకోసారి తప్పకుండా వస్తుంది.

కొడుకు పట్నంలో క్యాబ్ కొంటానన్నాడు. పోస్టాఫీసు పైసలు కాకుండా మిగిలిన దాంట్లోంచి మార్జిన్‌కు కొంత ఇచ్చాను, లోను వాడి పేరునే తీసుకున్నాడు. అటల్ పింఛనులో చేరమని పట్టుబట్టాను. ముప్పై ఏళ్లవాడికి నెలకు 577 రూపాయలు కడితే 60 దాటాక 5,000 వస్తుంది. అప్పటికి ఐదు వేల విలువ ఏపాటిదో చెప్పలేను, అయినా క్యాబ్ నడిపేవాడికి పీఎఫ్ కట్టే యాజమాన్యం ఉండదు. మా డిపోల్లో తిరిగే అద్దె బస్సుల డ్రైవర్లదీ అదే దారి. రూటు ఒకటే, ఎండ ఒకటే, జీతమిచ్చేది మాత్రం బస్సు ఓనరు. నలభై దాటితే అటల్ పింఛనులో చేరనివ్వరు. ఆ వయసు రాకముందే వాళ్ల చెవిన ఈ మాట వేసేవాళ్లు డిపోలో ఒకరైనా ఉండాలి.

మా ఇంటామె పేరు పోస్టాఫీసు ఖాతాలో జాయింటుగా పెట్టించాను. నేను పోతే ఆమెకు వచ్చే కుటుంబ పింఛను నా దాంట్లో సగమే, రెండు వేలకు లోపు.

ఆర్టీసీ ఉద్యోగులను సర్కారులో కలిపే బిల్లు 2023 ఆగస్టులో శాసనసభ దాటింది. అది సర్వీసులో ఉన్నవాళ్ల గురించి. ముందే దిగిపోయిన మా గురించి కాదు. వాళ్లకైనా చల్లగా జరగాలనే కోరుకుంటాను. ఈలోగా వాళ్లు చేసుకోగలిగిన పని ఒకటుంది. 2019 డిసెంబరులో రిటైర్మెంటు వయసు 60కి పెరిగింది, పింఛను పథకంలో మాత్రం సర్వీసు మామూలుగా 58కే ఆగిపోతుంది. 58 నిండగానే, కొలువులో ఉండగానే పింఛను తీసుకోవచ్చు. 60 దాకా ఆపుకుంటే ఏడాదికి 4 శాతం పెరుగుతుందని కొందరు ఆగుతున్నారు. 3,600 పింఛనుకు రెండేళ్లకు పెరిగేది దాదాపు 290 రూపాయలు. ఆగినందుకు వదులుకునేది 86,400. ఆ పెరిగినదానితో దాన్ని రాబట్టుకోవడానికి దాదాపు ఇరవై ఐదేళ్లు పడుతుంది. అందుకే 58 దాటిన తమ్ముళ్లు ఎదురుపడితే ముందు పింఛను దరఖాస్తు ఫారం 10డి ఇచ్చిరమ్మంటున్నాను. ఆ రెండేళ్ల పింఛను ఇంటి ఖర్చులో కలపకుండా ముందు మిత్తి అప్పుకు కట్టమంటున్నాను.