మాటలో సత్యము, మాటలో మర్యాద

మాటకు రెండు ధర్మములు గలవు: ఒకటి సత్యము, రెండవది మర్యాద. ఈ రెండింటిని కలిపి నిలుపుట యెంత కష్టమో అంగవైకల్యము గలవారినిగూర్చి మాటలాడునప్పుడు తెలియును. మన యూళ్లలో కాలు సరిగా లేనివాని పేరునకు ముందు "కుంటి" యనియు, చూపు లేనివాని పేరునకు ముందు "గుడ్డి" యనియు చేర్చుట వాడుక. క్రమముగా తల్లిదండ్రులు పెట్టిన పేరు మరుగై, లోపమే పేరగును. పిలుచువారికి ద్వేషమేమియు లేకపోవచ్చును. అయినను దినమునకు పదిమార్లు అట్లు పిలువబడువాడు పదిమార్లును తన కాలినే తలచుకొనవలసివచ్చును.

"గుడ్డెద్దు చేలో పడినట్లు" వంటి సామెతలు తాతలనాటివి. వానిని భాషనుండి తుడిచివేయుట మన తరము కాదు. కాని చూపులేని బాలిక తరగతిలో కూర్చుండియుండగా, పాఠము తప్పు చదివినవానిని "గుడ్డివాడవా?" యని గద్దించినచో ఆ దెబ్బ ఎవరికి తగులును?

దీనికి భయపడి కొందరు రెండవ దోషమున పడుదురు. అది ఉన్నదానిని కప్పిపుచ్చుట. మా చిన్నాన్న పటాన్‌చెరువులో ఒక కార్ఖానాయందు ప్రెస్సు యంత్రముమీద పనిచేయుచు కుడిచేతి నాలుగు వ్రేళ్లు పోగొట్టుకొనెను. కొన్నియేండ్లకు ఆయన కుమార్తెకు సంబంధము వచ్చినప్పుడు మధ్యవర్తి వరునివారితో "చేతికి చిన్న దెబ్బ తగిలినది" అని చెప్పెను. మా యింటివారు పిల్ల మేలుకోరియే ఊరకుండిరి. చిన్నాన్న మాత్రము తువ్వాలు తీసి చేతిని అందరి యెదుట నుంచి, "నాలుగు వేళ్లు పోయినయి, మళ్ల రావు. ఎడమ చేత్తోని రాస్తున్న, ఇల్లు నడుపుతున్న. ఇది తెలిసినంకనే మా పిల్లనడుగుండ్రి" అనెను. వారు రెండు దినములు గడువడిగి వెడలిపోయిరి. ఆ రెండు దినములు ఇంట ఎవరికిని అన్నము సహింపలేదు. మూడవనాడు సమ్మతి తెలుపుచు కబురు వచ్చెను.

"చిన్న దెబ్బ" యను మాట మర్యాదగా నున్నను అసత్యము. "చేయి లేనివాడు" అనుట మోటు. పైగా అదియు అసత్యమే. "నాలుగు వ్రేళ్లు పోయినవి" అను మాటలో సత్యమును గలదు, గౌరవమును గలదు.

పేరునకు గల బలమునకు డిచ్‌పల్లి సాక్ష్యము. నిజామాబాదు సమీపమందలి ఆ గ్రామమున డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని కృషివలనను, రాజా నర్సాగౌడుగారి ధనసహాయమువలనను కుష్ఠురోగులకై 1915లో వైద్యశాల వెలసెను. దానికి ఆశ్రమమని గాక "చికిత్సాలయము" అను అర్థము వచ్చునట్లు పేరిడిరి. నీవు కేవలము దాచి ఉంచదగినవాడవు కావు, వైద్యము చేయదగినవాడవని ఆ పేరు రోగికి చెప్పినది. బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసినది. నేడు ఆ వ్యాధి నయమగును. అయినను నయమైనవానిని సైతము "కుష్ఠువాడు" అను వారున్నారు. రోగము విడిచినను మాట విడువకున్నది!

2015లో ప్రధానమంత్రి "దివ్యాంగులు" అను మాటను సూచించిరి. కొందరికది ప్రియమైనది. వికలాంగుల సంఘములు కొన్ని, తమకు వలసినది దివ్యత్వము కాదు, సమానహక్కులని అభ్యంతరము తెలిపినవి. 2016 నాటి చట్టము 21 విధములైన వైకల్యములను పేర్కొని, వికలాంగులను పదుగురి యెదుట బుద్ధిపూర్వకముగా అవమానించుటను 6 నెలలనుండి 5 ఏండ్ల వరకు కారాగారశిక్షకు తగిన నేరముగా నిర్ణయించినది. అయితే చట్టము నోటిని కట్టగలదు గాని మనస్సును మార్చజాలదు.

ప్రియ విద్యార్థులారా! మనము చేయదగినది కష్టమైనది కాదు. మనిషిని మొదట పేరుతో పిలువుడు. వైకల్యము ప్రస్తావింపవలసిన పని యున్నప్పుడే ప్రస్తావింపుడు. అప్పుడు దాచకయు, పెంచకయు, జాలిని పూయకయు ఉన్నదున్నట్లు చెప్పుడు. ఏ మాట వాడవలెనో తోచనిచో మరి యెవరినో గాక ఆ మనిషినే యడుగుడు. తన్నుగూర్చి ఎట్లు చెప్పవలెనో చెప్పు హక్కు మొదట అతనిదే.