ద్వితీయ విఘ్నం

మొదటి సినిమా హిట్టు కొట్టిన డైరెక్టరు రెండోది తీస్తుంటే, మనవాళ్ళంతా ద్వితీయ విఘ్నం దాటతాడా లేదా అని కాచుక్కూర్చుంటారు. ఈ గండం మనకొక్కళ్ళకే కాదు లెండి, అమెరికా రాక్ బ్యాండ్లకీ ఉంది. నాకు తెలిసినంతలో బాగా గట్టిగా తగిలింది మాత్రం వీజర్ వాళ్ళకి.

వీజర్ పేరు వినకపోయినా, మీలో కాస్త సీనియర్లు వాళ్ళ పాట చూసే ఉంటారు. విండోస్ 95 సీడీలో ఓ వీడియో పాట ఉండేది, గుర్తుందా? 'బడ్డీ హాలీ'. అది 1994లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లోది. అట్ట నీలంగా ఉంటుందని దాన్ని అందరూ బ్లూ ఆల్బమ్ అంటారు. అమెరికాలోనే పది లక్షల కాపీలు దాటేసింది.

అంత పేరొచ్చాక ఎవరైనా ఏం చేస్తారు? అదే మళ్ళీ తీస్తారు. పాటలు రాసే రివర్స్ క్వోమో మాత్రం పాతికేళ్ళ వయసులో, 1995లో, హార్వర్డ్‌లో చేరాడు. పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. దాన్ని సాగదీసే ఆపరేషన్ కూడా అప్పుడే. నొప్పి, చలి, ఒంటరితనం. అంతరిక్షంలో జరిగే ఓ పెద్ద రాక్ ఒపేరా తలపెట్టి, చివరికి దాన్ని పక్కన పడేసి, తన గోడు ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. అదే 1996 సెప్టెంబరులో వచ్చిన 'పింకర్టన్'. పుచ్చీని ఒపేరా 'మదామా బటర్‌ఫ్లై'లో, జపాన్ అమ్మాయిని పెళ్ళి చేసుకుని వదిలేసి పోయే నావికుడి పేరది. అంటే తన ఆల్బమ్‌కి విలన్ పేరు పెట్టుకున్నాడన్నమాట!

ప్రొడ్యూసరుని పెట్టుకోకుండా వాళ్ళే రికార్డు చేసుకున్నారు. గిటార్లు గరగరలాడతాయి, గొంతు అక్కడక్కడా పగులుతుంది. బ్లూ ఆల్బమ్ 1.1 కోసం ఎదురుచూసినవాళ్ళకి ఇది మింగుడు పడలేదు. బిల్‌బోర్డ్‌లో 19 దగ్గరే ఆగింది. రోలింగ్ స్టోన్ పత్రిక ఐదుకి మూడు నక్షత్రాలిచ్చింది. ఆ పత్రిక పాఠకులైతే ఆ ఏటి చెత్త ఆల్బమ్‌ల లిస్టులో చేర్చారు. అదే రోలింగ్ స్టోన్ 2004లో దానికే ఐదుకి ఐదు ఇచ్చింది! 2016లో ప్లాటినం కూడా అయింది. ఇరవయ్యేళ్ళు పట్టింది.

అందరూ ఈ కథని ఇక్కడే ఆపి, చూశారా, చివరికి మంచిదే గెలిచింది అంటారు. నా బాధ ఆ మధ్యలో జరిగినదాని గురించి. క్వోమో చాన్నాళ్ళు ఆ ఆల్బమ్ పేరెత్తితేనే సిగ్గుపడ్డాడు. ఇతర బ్యాండ్ల హిట్ పాటల్ని విప్పి చూసి, ఏ భాగం తర్వాత ఏది వస్తుందో నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. మూడో ఆల్బమ్ 2001లో, పాత ప్రొడ్యూసరుతోనే వచ్చింది. శుభ్రంగా ఉంది, బాగా అమ్ముడైంది. కానీ అందులో ఆ మనిషి లేడు.

ఇది నాకెందుకు గుచ్చుకుందంటే, నేనూ అదే చేశాను కాబట్టి. ఉద్యోగంలో మొదటి ఏడాది రాసిన రిపోర్టింగ్ స్క్రిప్టుకి మెచ్చుకోళ్ళు వచ్చాయి. రెండో ఏడు, నాకు నిజంగా అవసరం అనిపించినదేదో రాత్రుళ్ళు కూర్చుని రాశాను. ఏ బగ్గు ఎవరి డిజైన్‌లో పుట్టిందో తవ్వి చూపించే టూల్. డెమోలో పది నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత ఒకటే ప్రశ్న, "ఇది ఎవరడిగారు?". అంతే. ఆ రోజు నుంచి టికెట్‌లో ఏముంటే అదే రాస్తున్నా. రేటింగులకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి :)

పోయిన నెల ఆ కోడ్ మళ్ళీ తెరిచాను. నిజం చెప్పాలంటే సగం చెత్త. డెమోలో వాళ్ళన్న మాటల్లోనూ కొంత న్యాయం ఉంది. ఆ మాటకొస్తే 'పింకర్టన్' నచ్చనివాళ్ళందరూ తప్పు కాదు. ఉత్తరం రాసిన జపాన్ అభిమాని గురించి అతను కట్టుకున్న ఊహలు వింటుంటే నాక్కూడా ఇబ్బందిగానే ఉంటుంది. కానీ మిగతా సగం కోడ్ ఉంది చూశారూ, అలాంటిది నేను మళ్ళీ రాయలేదు.

'పింకర్టన్'కి ఇరవయ్యేళ్ళకైనా న్యాయం జరిగింది. నా టూల్‌కి జరగదు, జరగక్కర్లేదు కూడా. జనం ఒద్దన్నది ఆ టూల్‌ని. దాన్ని రాసినవాణ్ణి కూడా ఒద్దన్నారని అనుకున్నది నేను. విఘ్నం అక్కడుంది.

అన్నట్టు, క్వోమో తర్వాత ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకున్నాడు. అంతకుముందు 2010లో బ్యాండ్‌తో ఊరూరా తిరిగి 'పింకర్టన్' మొత్తం వాయించాడు. తను సిగ్గుపడ్డ పాటల్ని జనం తనతో కలిసి పాడుతుంటే ఎలా ఉండి ఉంటుందో!

నేనైతే ఈ శనివారం ఆ పాత కోడ్‌లో చెత్త సగం తీసేద్దామని కూర్చుంటున్నా. ఎవరూ అడగలేదు.