అమ్మడానికి పనికిరాని తుపాకీ

అమెరికాలో మనవాళ్ళు కారు కొనేటప్పుడు తమకేం కావాలో ఆలోచించరు. నాలుగేళ్ళ తర్వాత దాన్ని కొనబోయే ఆ ముక్కూమొహం తెలియనివాడికి ఏం కావాలో ఆలోచిస్తారు. అందుకే ఏ అపార్ట్‌మెంట్ల పార్కింగులో చూసినా వెండిరంగు క్యామ్రీలూ, అకార్డులూ. టీవీ పెట్టె దాచిపెట్టడం, సోఫా మీద దుప్పటి కప్పడం, అన్నీ ఎప్పుడో జరగబోయే మూవింగ్ సేల్ కోసమే. వీసా బతుకులు కదా, తప్పుపట్టలేం. కానీ ఇండియావాళ్ళకి గ్రీన్‌కార్డు క్యూ పదేళ్ళ పైమాటే. అన్నేళ్ళూ ఎవడిదో సోఫాలో కూర్చోవాలా?

నేను ఎయిర్ రైఫిల్ కొంటానంటే టీములో తెలుగు మిత్రుడి మొదటి ప్రశ్న అదే: "రీసేల్ ఉంటుందా బాస్?" రెండోది, "హెచ్1బి మీద తుపాకీ కొనొచ్చా?" ఇది అడగాల్సిన ప్రశ్నే. మందుగుండుతో పేలేదే ఫెడరల్ చట్టం దృష్టిలో ఫైర్ ఆర్మ్. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే మనలాంటి వీసాదారులు అది దగ్గర ఉంచుకోకూడదు. గాలితో పనిచేసేది ఆ లెక్కలోకి రాదు. అయితే రాష్ట్రానికో రూలు, న్యూజెర్సీలో దీన్నీ ఫైర్ ఆర్మ్ కిందే చూస్తారు. నేనుండేది టెక్సాస్, బతికిపోయాను.

కొన్నది జర్మనీవాళ్ళ వైరాక్ హెచ్‌డబ్ల్యూ 30ఎస్, 450 డాలర్లు పడింది. తిరునాళ్ళలో బుడగలు కొట్టే తుపాకీకి బాగా చదువుకున్న అన్నయ్య అనుకోండి. గొట్టం వంచితే స్ప్రింగు బిగుస్తుంది, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు పెట్టాలి. ట్రిగ్గర్ మెత్తగా వచ్చి ఒకచోట ఆగుతుంది. అక్కణ్ణించి ఊపిరి బిగబట్టి ఇంకాస్త నొక్కితే చాలు. పిట్టల జోలికి పోను, కాగితమే నా శత్రువు :)

రీసేల్ కోసం కొనేవాళ్ళూ ఉన్నారు. తయారీ ఆగిపోయిన ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ లాంటివి అసలు పెట్టెతో సహా, గీత పడకుండా దాచుకుంటారు. ఎంత తక్కువ కాలిస్తే అంత ధర అన్నమాట.

నాకు పేచీ భుజానికి ఆనించే చెక్క దగ్గరొచ్చింది. నేను ఐదడుగుల నాలుగంగుళాలు. చెక్క నాకు అంగుళం ఎక్కువ. మెడ ముందుకు సాచాల్సి వచ్చేది, కన్ను ఒక్కోసారి ఒక్కోచోట ఆనేది, గుండూ అలాగే పడేది. కోసేస్తే సరి, కానీ కోసిన తుపాకీ ఎవడూ కొనడు. "కాస్త సర్దుకుపోరాదూ?" అన్నాడు మిత్రుడు. ఇప్పటికే కారుతో, సోఫాతో, ఊరితో సర్దుకుపోతున్నాను. కొలిచి, పెచ్చు లేవకుండా టేపు చుట్టి, రంపంతో కోసేశాను.

మూడేళ్ళయింది. 500 గుళ్ళ డబ్బాలు 40 ఖాళీ అయ్యాయి, అంటే 20,000 గుళ్ళు. గుళ్ళ ఖరీదు పక్కనపెట్టి, రీసేల్ సున్నా అనుకున్నా, గుండుకి రెండుంపావు సెంట్లు పడింది. మా గరాజు ఆరు మీటర్లే. అవతల పాతబట్టలు కూరిన పెట్టె, కళ్ళకి అద్దాలు. సీసం కాబట్టి అయ్యాక చేతులు కడుక్కోకపోతే మా ఆవిడ అన్నం పెట్టదు.

మిత్రుడూ ఓసారి ప్రయత్నించాడు. ఆరడుగుల మనిషి, పొట్టి చెక్కతో నానా తంటాలు పడ్డాడు. స్ప్రింగు నీరసించింది, కొత్తది తెప్పించాను. విప్పేటప్పుడు అది ఎగిరి మొహాన తగలకుండా ఇంకో మనిషి ఉంటే మంచిది. శనివారం అతనే వస్తానన్నాడు.