పత్తి రాశుల నడుమ ముసురు రోజు

మనకు వచ్చే క్రిస్మస్ కార్డుల్ని ఎప్పుడైనా గమనించారా? చాలా వాటి మీద మంచు కప్పిన ఇల్లు, పొగగొట్టం, కిటికీలో దీపం, లోపల నిప్పు చుట్టూ చేరిన కుటుంబం కనిపిస్తాయి. మా చిన్నవాడు అటువంటి కార్డు ఒకటి పట్టుకుని, "మన ఊళ్లో మంచు ఎందుకు పడదు నాన్నా?" అని అడిగాడు. వాళ్ల తాతయ్య ఊరు రెంటచింతల దగ్గర ఒక పల్లె. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ ఎక్కడ అంటే రేడియోలో మొదట వినబడే పేరు రెంటచింతలే. అక్కడ మంచు గురించి ఏమని చెప్పేది? తెల్లవారుజామున పొగమంచు పడుతుంది కదరా అని సర్దిచెప్పాం.

2023 డిసెంబరు 4, సోమవారం ఉదయం నరసరావుపేట నుండి ఆ ఊరికి బయలుదేరాం. బంగాళాఖాతంలో మిచాంగ్ తుపాను ఉంది, బాపట్ల వైపు వస్తోందని అప్పటికే చెబుతున్నారు. అటువంటి రోజున ప్రయాణం ఏమిటని మీరు అడగవచ్చు. ముందురోజు ఆదివారం, ఆగమన కాలపు మొదటి ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి నాయన ఫోన్ చేశారు. "పత్తి అంతా విచ్చి ఉంది. కూలీలు దొరకట్లేదు. మీరొస్తే నాలుగు చేతులు" అన్నారు. ఆయన ఎన్నడూ రమ్మని అడిగే మనిషి కాదు.

బస్సు పిడుగురాళ్ల చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. సున్నపు బట్టీల ఊరు ఆ రోజు తెల్లగా కాక బూడిద రంగులో కనిపించింది. దాచేపల్లి దగ్గర నాగులేరు దాటాం. గురజాలలో బస్సు ఆగినప్పుడు పిల్లలకు ఫాదర్ హయ్యర్ గారి సంగతి చెప్పాం. జర్మనీలో 1793లో పుట్టి, అమెరికా లూథరన్ సంఘం పంపగా 1842లో గుంటూరు చేరిన ఆ దైవసేవకుడు 1849లో ఈ గురజాలకు వచ్చి కాపురం ఉన్నారు. తరువాత 1857లో తిరిగి వెళ్లి మిన్నెసోటాలో సంఘాలు కట్టారు. అది నెలల తరబడి మంచు పేరుకునే ప్రాంతం. అయినా డెబ్బై ఆరేళ్ల వయసులో, 1869లో, మళ్లీ మన తెలుగు నేలకే ఓడ ఎక్కారు. "మంచు వదిలేసి ఇక్కడికి ఎందుకొచ్చాడు?" అన్నాడు మావాడు. వాడి దిగులు వాడిది.

ఊళ్లో దిగి నేరుగా చేలోకే పోయాం. ఆ సంవత్సరం సాగర్‌లోకి వరద సరిగా రాలేదు. కుడికాలువ కింద రైతులు నీళ్ల కోసం ఆకాశం వంక చూసి చూసి అలసిపోయారు. వాన కావలసిన నెలల్లో రాక, పత్తి విచ్చుకున్నాక వచ్చింది. తీసినంత తీసి, తీయలేనిది కాయలతో సహా తుంచి, చీకటి పడేలోపు ట్రాక్టరుకు ఎత్తాం. పట్టా కప్పినా సగం తడిసింది.

మర్నాడు, 5వ తేదీ మంగళవారం, తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు ఆ రోజంతా గాలీ వానే. కరెంటు తెల్లవారుజామునే పోయింది. సెల్‌ఫోన్లు మధ్యాహ్నానికి చల్లబడ్డాయి. నాపరాళ్లు పరిచిన నేల కాలు పెడితే జివ్వుమంటోంది. ముందరి గదిలో, నడవాలో, మంచాల మీద కూడా పత్తే. మనుషులు తిరగడానికి మూరెడు దారి మిగిలింది.

చలికి కుంపటి పెట్టుకుందామంటే నాయన ఒప్పుకోలేదు. పత్తి ఉన్న ఇంట్లో నిప్పేమిటన్నారు. దీపం కూడా వంటింటి గడపలోనే, నీళ్ల పళ్లెంలో పెట్టించారు. కార్డు మీది కుటుంబం నిప్పు చుట్టూ కూర్చుంటే, మేము నిప్పుకు దూరంగా, దుప్పట్లు కప్పుకుని, కాయల గుట్ట చుట్టూ కూర్చున్నాం.

పత్తికాయ వలవడం తెలియని వాళ్లకు రెండు మాటలు. ఎండిన తొక్క మొనలు ముల్లులా గుచ్చుకుంటాయి. వేళ్లతో రెక్కలు విడదీసి, దూది ఒక్క లాగులో రావాలి. తొక్క ముక్క అంటుకుంటే ధర తగ్గుతుంది. తడిది కుప్పగా వదిలితే లోపల వేడెక్కి, రంగు మారి, గింజ మొలకెత్తుతుంది. అందుకని గంటకొకసారి తిరగేయాలి. పెద్దపిల్ల వలిచింది, చిన్నవాడు తిరగేశాడు. తిరగేయడం కన్నా దొర్లడమే ఎక్కువ.

అమ్మ జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి, వేయించిన వేరుసెనగకాయలు తెచ్చి పెట్టింది. కాయల తొక్కలు పత్తిలో పడకుండా ఒళ్లో చేట పెట్టుకుని తిన్నాం. క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి ఒక్కొక్కరికి ఒక్కో కీర్తన వంతు వేసుకున్నాం. నాయన రాగం ఎక్కడో మొదలై ఎక్కడో తేలుతుంది. ఆ రోజు ఎవ్వరం నవ్వలేదు, పిల్లలు తప్ప. తరువాత ఆయన పల్నాటి కథ ఎత్తుకున్నారు. గురజాలలో నాగమ్మ, మాచర్లలో బ్రహ్మనాయుడు, కోడిపందెం, ఏడేళ్ల వలస, కారంపూడి యుద్ధం. ఆ కథ మేము వందసార్లు విన్నాం. కానీ అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన చాపకూడు దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ఎప్పుడూ మారుతుంది. "మన వాడు కన్నమదాసు కూడా ఆ బంతిలో కూర్చున్నాడు" అంటారు.

ఆ మాట నోట్లో ఉండగానే ఎదురింటి వదిన తలుపు కొట్టింది. భర్త లేడు. రెండెకరాలు కౌలుకు చేస్తోంది. రేకుల పంచ ఎగిరిపోయి, ఆమె తెచ్చుకున్న పత్తంతా చూరు కింద తడుస్తోంది. "అన్నా, ఒక మూల ఇస్తారా?" అంది. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. మూల ఎక్కడుంది? ఆమెది తడి ఎక్కువ, మాదానితో కలిస్తే మాదీ పోతుంది. సి.సి.ఐ. కొనేది ఎనిమిది శాతం తేమకు పూర్తి ధర, పన్నెండు దాటితే అసలు తీసుకోదు. ఆ లెక్కంతా ఆ క్షణంలోనే మా మనసులో తిరిగింది. నాయన మాత్రం గొడుగు తీసుకుని అయ్యగారి ఇంటికి వెళ్లారు.

మందిరం తెరిపించాలన్నది ఆయన ఆలోచన. సంఘపెద్దల్లో ఒకరిద్దరు దేవుని మందిరంలో పత్తి ఆరబోస్తామా, రేపు గొడ్లను కట్టేయమంటారు అన్నారు. అయ్యగారు వాదించలేదు. క్రిస్మస్‌కు కుట్టించిన కొత్త తెరలు తీసి మడతపెట్టి, జంఖానాలు చుట్టి, తానే చీపురు పట్టారు. సాయంత్రానికి వదినదే కాక ఇంకో మూడు ఇళ్ల పత్తి కూడా బలిపీఠం మెట్ల దాకా పరుచుకుంది. వద్దన్న పెద్దల్లో ఒకాయనది అందులో ఒక బోరెం.

ఆ రాత్రి అక్కడే కుటుంబ ప్రార్థన చేసుకున్నాం. అయ్యగారు 147వ కీర్తన చదివించారు. కీర్తనకారుడు అందులో మంచును గొర్రె ఉన్నితో పోల్చాడు. మా చిన్నవాడు టార్చిలైటు వెలుగులో ఆ తెల్లని నేలంతా చూసి, "ఇక్కడ మంచు పడింది" అన్నాడు. "మంచు కాదురా, మా అప్పు" అంది వదిన. అందరూ నవ్వారు, ఆమె కూడా.

ఎండ రెండు రోజుల తరువాత వచ్చింది. మా పత్తిలో మూడొంతులు నిలబడింది. వదినది సగానికి పైగా పసుపు తిరిగి, ఊళ్లోకి వచ్చిన వ్యాపారికి తక్కువకే పోయింది. కౌలు బాకీ తీరలేదు. రైతు వచ్చే పంట దాకా ఆగుతానన్నాడట.

క్రిస్మస్‌కు మళ్లీ వెళ్లాం. మందిరంలో సరుగుడు కొమ్మ నిలబెట్టి, దాని మీద మంచులాగా దూది అంటించారు పిల్లలు. ఎవరి పత్తి అని అడిగితే, అమ్మకుండా ఒక గుప్పెడు దాచిందట వదిన. దగ్గరగా చూస్తే కాస్త పసుపు కనిపిస్తుంది. మా కీర్తనల పుస్తకం పుటల మధ్య కూడా ఇప్పటికీ అక్కడక్కడ దూది పోగులు వస్తుంటాయి.