గోనె విప్పుదాం, కలిసి వెనక్కి వెళ్దాం

ధ్యాన భాగము: ఆదికాండము 44వ అధ్యాయము, 2 కొరింథీయులకు 8:20, 21



మందిరంలో పక్కన కూర్చున్న ఆమెను మనం "సిస్టర్" అంటాం. దవాఖానలో సూది వేసే ఆమెనూ "సిస్టర్" అనే పిలుస్తాం. పల్లెల్లో పెద్దవాళ్ళయితే "సిస్టరమ్మా" అంటారు. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా మన సంఘాల్లో నర్సు పని చేసే ఆడబిడ్డలు చాలామంది ఉన్నారు. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం విక్టోరియా ఆసుపత్రి మొదలుపెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ గారి కథ మన పెద్దలు ఇప్పటికీ చెప్తారు. ఎవరూ ముట్టని పుండును కడగడం కూడా దేవుని సేవే అని ఈ జిల్లా అప్పుడే చూసింది. అందుకే బిడ్డ నర్సు అయిందంటే మనకు గర్వం. అదే బిడ్డ మీద దొంగతనం నింద పడితే ఏం చేయాలో మాత్రం మనకు తోచదు.

కొన్ని నెలల క్రితం మన ప్రాంత సంఘాల్లోని ఒక సహోదరికి అదే జరిగింది. ఆమె పట్టణంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నది. ఆపరేషన్ అయినవాళ్ళకు నొప్పి తగ్గడానికి ఇచ్చే ఇంజెక్షన్లు లెక్కలో తక్కువ వచ్చాయి. ఆ వారం మూడు రాత్రులు అల్మారా తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. మందులు పక్కదారి పట్టాయని అనుమానించి, విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. ఆమె, ఈ సంగతిలో ఉన్న ఇంకొక సహోదరి, ఇద్దరూ ఒప్పుకున్న తర్వాతనే ఇది రాస్తున్నాం. గుర్తుపట్టే వివరాలు తీసేశాం. ఎవరై ఉంటారని వెతకవద్దని మనవి.

ఆమె ఇల్లు చేరకముందే కబురు మందిరం చేరింది. ఆదివారం ఆరాధన అయ్యాక మా దంపతుల దగ్గరికి కొందరు వచ్చారు. "అయ్యగారూ, ఆమెను సండే స్కూల్ నుంచి తీసేయండి, సంఘం పేరు పోతది" అన్నారు కొందరు. "మన బిడ్డే కదా అయ్యగారూ, ఆసుపత్రివాళ్ళతో మాట్లాడి సంగతి బయటికి రాకుండ చూడండి" అన్నారు ఇంకొందరు. ఒకరు ఆమెను తోసేయమన్నారు, ఒకరు దాచేయమన్నారు. నిజమేమిటో తెలుసుకుందామని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ మాటల్లో రోగి కూడా లేడు. మత్తు మందు సీసా నిజంగానే ఎవరో తీసి, దాని బదులు ఉప్పునీరు ఎక్కించి ఉంటే, కడుపు కోయించుకున్న ఒక తల్లి ఆ రాత్రంతా నొప్పితో మూలిగి ఉంటుంది. "సూది వేశాం కదమ్మా, ఇంకెందుకు ఏడుస్తున్నవ్" అని ఆమెనే కసిరి ఉంటారు. దాచేద్దాం అన్నప్పుడు మనం దాచేది ఆ తల్లి మూలుగును.

ఈ లెక్క ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలియదు గనుక కొంచెం చెప్తాం. మార్ఫిన్, ఫెంటనిల్ వంటి మందులు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తాయి. నొప్పితో బాధపడే రోగులకు ఇవి అందడం కష్టమవుతున్నదని 2014లో ఆ చట్టాన్ని సవరించి కొంత సులువు చేశారు. కానీ లెక్క రాయడం మాత్రం తప్పదు. రెండు తాళాల అల్మారా, డ్యూటీ మారేటప్పుడు సీసాలు లెక్కపెట్టి తాళంచెవి అప్పగించడం, రిజిస్టర్‌లో సంతకాలు, ఇవన్నీ అందుకే. రెండు మిల్లీలీటర్ల ఫెంటనిల్ సీసాలో 100 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. డాక్టర్ 50 రాస్తే మిగిలిన సగాన్ని ఇంకొకరి కళ్ళ ముందు పారబోయాలి. పారబోసినవారు, చూసినవారు ఇద్దరూ సంతకం పెట్టాలి.

కాగితం మీద పద్ధతి బాగుంది. రాత్రి రెండు గంటలకు వార్డులో ఒక్కతే నర్సు ఉంటే ఆ రెండో సంతకం ఎవరు పెడతారు? బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మన వార్డుల్లో ఎట్లా ఉంటుందో రోగి పక్కన రాత్రి కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు. అందుకే పొద్దున డ్యూటీకి వచ్చినవారు చూడని దానికి "చూశాను" అని సంతకం పెడతారు. అందరూ పెడతారు గనుక ఎవరికీ తప్పు అనిపించదు. ఒకరోజు లెక్క తక్కువ వస్తుంది. ఎవరో తీశారా, సీసా పగిలితే రాయలేదా, అత్యవసరంలో రోగికి ఇచ్చి రాయడం మరిచారా? రిజిస్టర్ చెప్పలేదు. అప్పుడు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే అనుమానం వాళ్ళ మీదికి పోతుంది.

ప్రభుత్వ ఉద్యోగికైతే సస్పెన్షన్ శిక్ష కాదు. ఆరోపణ రాతపూర్వకంగా ఇవ్వాలి, జవాబు వినాలి, విచారణ జరపాలి. రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం వినకుండా ఉద్యోగం తీసేయడానికి లేదు. సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్ళూ సుమారు సగం జీతం జీవన భృతిగా వస్తుంది. ప్రైవేటులో, కాంట్రాక్టులో పనిచేసే బిడ్డకు ఇంత అండ లేదు. ఒక్క ఫోను కాల్‌తో జీతం ఆగిపోతుంది. కానీ న్యాయం ఇద్దరికీ ఒకటే. యోహాను సువార్త 7వ అధ్యాయంలో నీకొదేము అడిగిన ప్రశ్న గుర్తు చేసుకోండి. మనిషి మాట వినకుండా, అతడు చేసింది తెలుసుకోకుండా తీర్పు తీర్చవచ్చునా అని తన తోటి పెద్దలనే నిలదీశాడు.

తొందర తీర్పు ఏం చేస్తుందో ఒక ఉదాహరణ చెప్తాం. కెనడాలోని టొరంటోలో ఒక పిల్లల ఆసుపత్రి గుండె వార్డులో 1980, 81 సంవత్సరాల్లో చాలామంది పసిపిల్లలు చనిపోయారు. డిగాక్సిన్ అనే గుండె మందు మోతాదు మించిందని అనుమానం. 1981 మార్చిలో సూసన్ నెలెస్ అనే యువ నర్సును హత్యానేరం మీద అరెస్టు చేశారు. వకీలుతో మాట్లాడతానని ఆమె అడగడాన్నే అనుమానానికి కారణంగా తీసుకున్నారు. 1982 మేలో జడ్జి సాక్ష్యం లేదని ఆమెను విడిచిపెట్టారు. అప్పటికి ఆమె ముఖం దేశమంతా తెలిసిపోయింది.

దాచడం ఏం చేస్తుందో రెండో ఉదాహరణ. అమెరికాలో డేవిడ్ క్వియట్‌కౌస్కీ అనే ఆసుపత్రి టెక్నీషియన్ ఫెంటనిల్ సిరంజీలు దొంగిలించి, తాను పొడుచుకుని, ఆ సిరంజీల్లోనే ఉప్పునీరు నింపి పెట్టేవాడు. ఒకటికి మించిన ఆసుపత్రుల్లో అతని సంగతి బయటపడింది. పనిలోంచి పంపించారు. కానీ తర్వాతి ఆసుపత్రికి ఆ సంగతి చేరలేదు. అతడు ఊరు మారి మళ్ళీ అదే పని చేశాడు. అతని రక్తంలోని హెపటైటిస్ సి నలభై మందికి పైగా రోగులకు అంటుకుంది. 2013లో అతనికి 39 ఏళ్ళ జైలు శిక్ష పడింది. "పోనీలే, గొడవెందుకు" అన్న మాటకు ఆ రోగులు మూల్యం చెల్లించారు.

ప్రియులారా, ఇప్పుడు ఆదికాండము 44 తెరవండి. యోసేపు వెండి గిన్నె పోయిందని గృహనిర్వాహకుడు అన్నదమ్ములను దారిలో ఆపాడు. వాళ్ళు పోట్లాడలేదు, పారిపోలేదు. గబగబా గోనెలు దించి విప్పారు. పెద్దవాడి నుంచి చిన్నవాడి దాకా వెదికితే గిన్నె బెన్యామీను గోనెలో దొరికింది. బెన్యామీను దొంగ కాడని చదివే మనకు తెలుసు, ఆ దారిలో ఉన్న అన్నలకు తెలియదు. దొరికినవాడు ఒక్కడే దాసుడవుతాడు, మీరు వెళ్ళవచ్చని గృహనిర్వాహకుడు ముందే చెప్పాడు. అయినా ఒక్కరూ ఊరి దారి పట్టలేదు. బట్టలు చింపుకుని, గాడిదల మీద బరువులెక్కించుకుని, అందరూ కలిసి పట్టణానికి తిరిగి వచ్చారు. యూదా తమ్ముడికి బదులు తాను దాసుడిగా ఉంటానన్నాడు. ఒకప్పుడు యోసేపును అమ్ముదామన్నది ఆ యూదాయే. ఆ రోజు అన్నలు చేసినవి రెండు పనులు. గోనె విప్పారు, తమ్ముణ్ణి ఒంటరిగా పంపలేదు. సంఘానికీ ఇవే రెండు పనులు.

మేమిద్దరం ఆ సహోదరి ఇంటికి వెళ్ళాం. ఆమె తమ్ముడు కూడా ఉన్నాడు. టీ తాగి, ప్రార్థన చేసి, సూటిగా అడిగాం: "బిడ్డా, నీ కోసమైనా ఇంకెవరి కోసమైనా ఆ మందు తీసినవా?" ఆమె కొంచెంసేపు మా ముఖాలు చూసి, "లేదు అయ్యగారూ" అన్నది. "అడిగిన మొదటి మనుషులు మీరే. మిగిలినోళ్ళందరూ చెప్పిపోయిన్రు" అన్నది. ఆమె మాటను విన్నామే గాని, దాని మీద ముద్ర వేసి ఆసుపత్రికి మోసుకుపోలేదు. ఆరోపణ కాగితం మీద ఇమ్మని, రిజిస్టర్, డ్యూటీ చార్టు నకళ్ళు ఇమ్మని దరఖాస్తు రాయించాం. తమ్ముడు వెంట వెళ్ళాడు. ఏ రాత్రి ఏ రోగికి ఏం ఇచ్చిందో గుర్తున్నంత వరకు తేదీలవారీగా రాసి ఇచ్చింది. ఏ పరీక్షకైనా వస్తానని కింద తనంతట తానే చేర్చింది. తన గోనె తానే విప్పింది.

సంఘంలో ఆమె కానుకల లెక్క కూడా చూసేది. విచారణ తేలేదాకా దాని నుంచి తప్పుకుంటానని ఆమే అడిగింది, పెద్దలు ఒప్పుకున్నారు. పిల్లల తరగతి మాత్రం ఆమెదే. కొందరు తల్లిదండ్రులు రెండు వారాలు పిల్లల్ని పంపలేదు. మూడో వారం పంపారు.

ఆ తర్వాత ఒక గురువారం సాయంత్రం అదే ఆసుపత్రిలో పనిచేసే ఇంకొక సహోదరి మా ఇంటికి వచ్చింది. భర్త గల్ఫ్‌లో, అప్పు ఇంకా తీరలేదు, ఇద్దరు పిల్లలు. "ఆ రెండో సంతకాలు నావే అయ్యగారూ. పారబోసుడు నేను చూడలే. పొద్దున పోయి పెట్టిన. చెప్తే నా నౌకరీ పోతది" అన్నది. ఆమెకు మేము ఏ హామీ ఇవ్వలేకపోయాం. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ రిజిస్టర్‌కు కూడా వర్తిస్తుందని చెప్పాం. నువ్వు చెప్పే నిజం అక్కను విడిపించకపోవచ్చు కూడా అని చెప్పాం. గేటు దాకా మేము వస్తామన్నాం. ఆమె నాలుగు రోజులు ఆలోచించింది. ఐదో రోజు వెళ్ళి రాతపూర్వకంగా ఇచ్చింది. ఆమెకు మెమో వచ్చింది, వార్డు మార్చారు, నౌకరీ మాత్రం ఉంది. ఇప్పుడు ఆ వార్డు పాత సంతకాలన్నీ చూస్తున్నారని విన్నాం. మొదటి సహోదరి విచారణ ఇంకా తేలలేదు. ఈ మధ్య ఒక ఆదివారం వాళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

"ఒకవేళ ఆమే తీసిందని తేలితే?" అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. అడగవలసిన మాటే. తేలితే శిక్ష ఉంటుంది, నర్సు రిజిస్ట్రేషన్ మీద చర్య కూడా ఉండవచ్చు. రోగి నొప్పికి జవాబు చెప్పాల్సిందే. అప్పుడు కూడా ఆమెతో పట్టణానికి వెళ్ళేవాళ్ళు కావాలి. మత్తుకు బానిస కావడం ఎక్కడో జరిగే సంగతని మన జిల్లాలో ఎవరమూ అనలేం. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి ఆ కల్లు దొరకకపోయేసరికి మన పల్లెల మనుషులు చేతులు వణికి, మతి తప్పి దవాఖానల్లో చేరారు. 2025 ఏప్రిల్‌లో బీర్కూర్, నస్రుల్లాబాద్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. కల్లులో కలిపే అల్ప్రాజోలం కూడా మందుల చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మాత్రే. అదీ పక్కదారి పట్టిన మందే. తాగినవాళ్ళను మనం దవాఖానకు మోసుకెళ్ళాం, ఊరి నుంచి వెళ్ళగొట్టలేదు. అమెరికాలోని ఫ్లోరిడా వంటి చోట్ల 1980ల నుంచే ఇలాంటి నర్సులను రోగుల దగ్గర నుంచి తప్పించి, చికిత్స చేయించి, కఠినమైన నిఘాలో తిరిగి పనిలోకి తెచ్చే పద్ధతి ఉంది. మన దగ్గర మత్తు అలవాటుకు సహాయం కోసం 14446, మనసు కుంగిపోతే 14416 నంబర్లు ఉన్నాయి. చదివే నర్సులెవరికైనా అవసరమైతే ఈ రాత్రే ఫోన్ చేయండి. లేదా పాస్టరమ్మ దగ్గరికి రండి. మాట బయటికి పోదు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజులు చూసినవాళ్ళు మనలో ఉన్నారు. 2015 డిసెంబరులో అది మూతపడేదాకా చెరుకు బండిని కాటా ఎక్కించకుండా ఎవరూ లోపలికి పంపలేదు. కాటా ఎక్కమన్నారని ఏ రైతూ అవమానపడలేదు. కాటా సరిగ్గా ఉందా అనే చూసుకున్నాడు. కొరింథీయుల కానుక మోసుకెళ్ళేటప్పుడు పౌలు కూడా ఒక్కడే వెళ్ళలేదు, ఎవరూ నింద మోపకుండా నమ్మకమైన సహోదరులను జతచేశాడు. లెక్క నిజాయితీపరుడికి కాపలా. నర్సు బిడ్డలారా, సీసా పగిలితే ఆ నిమిషమే రాయండి. చూడని దానికి సంతకం పెట్టకండి. రెండో మనిషి లేకపోతే లేరనే రాయండి. సంఘస్తులారా, ఆ సహోదరి ఎదురైతే "ఏమైంది" అని ఆరా తీయకండి, "తిన్నావా" అని అడగండి. ఆమె ఇంటికి బియ్యం చేరుతున్నాయి. ఎవరు పంపుతున్నారో మేము చెప్పం.

ప్రార్థన: మా పరలోకపు తండ్రీ, మరుగైనది ఎరిగిన దేవా, నింద మోస్తున్న మా సహోదరికి తోడుండుము. ఆమె నిర్దోషి అయితే నిజాన్ని వెలుగులోకి తెమ్ము. దోషి అయితే ఒప్పుకునే ధైర్యాన్ని, బాగుపడే దారిని దయచేయుము. నిజం చెప్పి నష్టపోయిన చెల్లెలిని ఆదుకొనుము. ఈ రాత్రి నొప్పితో మేలుకొని ఉన్న ప్రతి రోగికి సరైన మందు, నమ్మకమైన చేయి అందజేయుము. మా నాలుకలకు కాపలా ఉంచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.