మీటరుగేజి నలుపు

విల్లుపురం నుంచి పుదుచ్చేరికి 1879లో మీటరుగేజి రైలుమార్గం ఏర్పడింది. ఫ్రెంచివారి పట్టణాన్ని ఆంగ్లేయుల రైలు వ్యవస్థతో కలిపిన ఈ చిన్న మార్గం శతాబ్దానికి పైగా అదే వెడల్పుతో కొనసాగి, 2004 నాటికి బ్రాడ్‌గేజిగా మారింది. ఆవిరి ఇంజన్లు అంతకు ముందే సెలవు తీసుకున్నాయి. అటువంటి వాటి జ్ఞాపకం దస్తావేజులలో కొంత, ప్రదర్శనశాలలలో కొంత, మనుషుల మాటలలో కొంత మిగులుతుంది. ఒక్కొక్కప్పుడు జానెడు ప్లాస్టిక్ బొమ్మ మీద రంగై కూడా మిగులుతుంది.

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో ఉన్న మురుంగపాక్కంలో హస్తకళల గ్రామం ఉంది. అక్కడ తయారయ్యే మట్టిబొమ్మకు రంగునిచ్చేది నిప్పు. ఒకసారి కాలిన తరువాత ఆ ఎరుపు ఇక మారదు. ఆ పేటలోనే ఒక మేడగదిలో, పదవీ విరమణకు దగ్గరపడిన యానాం వాసి ఒకరు, ఎన్నిసార్లయినా రంగు మార్చుకోగల బొమ్మలతో సెలవు దినాలు గడుపుతారు. రైలుమార్గమే లేని యానాం నుంచి వెళ్లి ఆయన అన్నగారు దక్షిణ రైల్వేలో ఫైర్‌మన్‌గా చేరారు. అన్నగారు గతించిన తరువాత, ఆయన ఎక్కిన ఇంజనుకు ప్రతిరూపం ఒకటి ఇంట ఉండాలని తమ్ముడు తలపోశారు.

దొరికినది ఐరోపాలో తయారైన ఆకుపచ్చని ఆవిరి ఇంజను నమూనా. అసలులో 87వ వంతు. దాని పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అది అక్కడి 1,435 మిల్లీమీటర్ల గేజికి సరిపోతుంది. మన మీటరుగేజికి పదకొండున్నర చాలు. వెడల్పు తగ్గించడం ఆయన చేతిలో లేదు, రంగు మార్చడం ఉంది.

ఆ పనికి ఓర్పు కావాలి. పైతొడుగును చక్రాల చట్రం నుంచి విడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో మెల్లగా రుద్దితే పాత రంగు ఊడివస్తుంది. తొందరపడి అసిటోన్ వాడితే రంగుతోపాటు ప్లాస్టిక్కూ కరిగిపోతుంది. సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, బూడిదరంగు ప్రైమరు పూసి, ఆపైన పలుచని పూతలు ఒకదాని మీద ఒకటి వేయాలి. మందంగా పూస్తే రివెట్లు, పలకల అతుకులు పూడిపోతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో గాలిలోని తేమకు లక్క జాతి రంగులు తెల్లగా మసకబారుతాయి గనుక, పుదుచ్చేరిలో ఆ నెలలు కుంచె పక్కన పెట్టవలసిందే.

ఏ రంగు వేయాలన్నది వేరే ప్రశ్న. ఒక ఇంజను ఒకే రూపంతో జీవితమంతా గడపదు. దానికి రంగు వేయడమంటే దాని ఆయుష్షులో ఒక రోజును ఎంచుకోవడం. ఆయన పుస్తకాలలోని ఛాయాచిత్రాలు పరిశీలించి నలుపు పూశారు. ముందు అడ్డపట్టీకి ఎరుపు వేశారు. చివరికి మసి, తుప్పు, నీటి చారలు కూడా ఎంతో నేర్పుగా అద్దారు. నమూనాలు చేసేవారిలో ఈ అలవాటు బహుళ ప్రచారంలో ఉంది.

వదినగారికి చూపిస్తే ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"ఇదెవరి ఇంజను బాబూ? మీ అన్నయ్య బండి ఇలా ఎప్పుడుంది? పొద్దున్నే నూనెగుడ్డతో ముఖం కనబడేలా తుడిస్తే గానీ షెడ్డు దాటనిచ్చేవారు కాదు. క్యారేజీ తీసుకెళ్లినప్పుడల్లా చూసేదాన్ని."

ఆ మాటతో ఆయన పుస్తకాలను మళ్లీ తెరిచారు. వాటిలోని రంగు ఛాయాచిత్రాలు చాలావరకు ఆవిరి యుగం ముగింపు సంవత్సరాలవి. ఇంజన్లు ఇక కనబడవని తెలిసిన తరువాతనే కెమెరాలు వాటిని వెతుక్కుంటూ వచ్చాయి. అప్పటికి వాటిని మునుపటివలె తుడిచే చేతులు తగ్గాయి. చిత్రాలు అబద్ధం చెప్పలేదు. అవి వృద్ధాప్యాన్ని మాత్రమే చెప్పాయి. ప్రతిరోజూ జరిగిన పనిని ఎవరూ చిత్రించలేదు. ఒక మనిషి ఉదయం వేళ చేసిన చాకిరీ దస్తావేజుకు ఎక్కక, అతని భార్య చూపులో నిలిచింది. చరిత్ర రచనలోనూ ఇంతే: ఆధారం దొరికిన కాలమే అసలు కాలంగా కనబడుతుంది.

అయితే వదినగారి మాటలో ప్రేమ ఎంత, నిజమెంత? ఆ సంగతి తేల్చే సాధనం ఆయనకు లేదు. ఆమె తప్ప ఆ ఇంజనును ఎరిగినవారెవరూ ఇంట మిగలలేదు. ఆయన నెల రోజుల శ్రమను ఆల్కహాలులో నానబెట్టి, మళ్లీ మొదటి నుంచి నల్లరంగు పూసి, ఈసారి మెరిసే వార్నిషుతో ముగించారు. బొమ్మను తిరగేసి, చట్రం అడుగున సన్నని కుంచెతో ఇలా రాశారు: "ఇంజను విదేశీయం. గేజి ఎక్కువ. నలుపు, 1978 నాటిది. ఆధారం: వదినగారి మాట."